రాజుగారి మేడ, గుమాస్తాగారి ఇల్లు, దేవుడి పూలతోట

సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, మన ఇళ్ళల్లో "ఈసారి ఎక్కడికి?" అన్న చర్చ మొదలవుతుంది. చర్చ అని పేరే గానీ జవాబులు ముందే సిద్ధంగా ఉంటాయి. చల్లదనం కావాలనే పిల్లలు ఊటీ, కొడైకెనాల్ అంటారు. పుణ్యం కావాలనే పెద్దవాళ్ళు తిరుపతి, కాళహస్తి అంటారు. చెన్నైలో ఉండే తెలుగువాళ్ళం ఏడాదికి ఒకసారైనా తిరుపతి వెళ్ళివస్తాం. దారిలో తిరువళ్ళూరు వస్తుంది, తిరుత్తణి వస్తుంది. మొదటి ఊళ్ళో కాఫీ తాగుతాం, రెండో ఊళ్ళో కారులోంచే కొండకు దణ్ణం పెట్టుకుంటాం. దాంతో ఆ రెండు ఊళ్ళతోనూ మన పని అయిపోయినట్టే. ఆ రెండు ఊళ్ళను మధ్యలో పెట్టుకుని మూడు రోజుల విహారయాత్ర వేసుకోవచ్చునంటే మొదట మా ఇంట్లోనే ఎవరూ నమ్మలేదు.

ఈ ఆలోచన పుట్టింది మా తమ్ముడి కూతురి వల్ల. ఇంగ్లండులో పుట్టి పెరిగిన పిల్ల. అక్కడ సెలవులొస్తే పాత ప్రభువుల భవనాలూ, వాటి తోటలూ చూడడానికి కుటుంబాలు బయల్దేరడం ఒక అలవాటు. 1895లో మొదలైన నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ అలాంటి ఇళ్ళను చాలావాటిని కాపాడుతోంది. ఏడాది చందా కట్టి సభ్యులైతే చాలు, వరుసగా చూసుకుంటూ పోవచ్చు. వంటింట్లో రాగి గిన్నెలు తోమి వరసగా పెట్టి ఉంటాయట. ఏ గదిలో ఎవరు పడుకున్నారో చెప్పే మనిషి ఉంటాడట. చివర్లో తోటలో కూర్చుని టీ తాగి రావచ్చట. ఇదంతా వర్ణించి, "మన దగ్గర ఇలాంటివి లేవా అత్తా? చూడాలంటే అన్నీ గుళ్ళేనా?" అని అడిగింది.

మైసూరు ప్యాలెస్ ఉంది, రాజస్థాన్ కోటలున్నాయి అని జవాబు చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ పిల్ల అడిగింది "మన దగ్గర" అని. మా అమ్మ, అంటే ఆ పిల్లకు నానమ్మ, పుట్టిల్లు తిరుత్తణికి కాస్త లోపలగా ఉన్న ఒక పల్లె. అక్కడ మా తాతగారు కట్టించిన ఇల్లు కొన్నేళ్ళుగా తాళం వేసి ఉంది. పడగొట్టి స్థలం అమ్మేద్దామా, బాగు చేయిద్దామా అని మా మేనమామ కొడుకులు తర్జనభర్జన పడుతున్నారు. ఆ ఇల్లు ఉండగా పిల్లలకు ఒకసారి చూపించాలని అమ్మకు ఎప్పటినుంచో కోరిక. కాబట్టి మేం ఒక పని చేశాం. ఆ ఇంటిని మధ్యలో పెట్టి, చుట్టూ ఉన్న పాత ఇళ్ళూ, మేడలూ, తోటలూ, కోనేళ్ళూ కలిపి ఒక యాత్ర అల్లాం. అది మన సభ్యులకు పనికివస్తుందనే ఈ వ్యాసం.

బయల్దేరే ముందు తెలుసుకోవలసినవి

అక్కడి పద్ధతికీ ఇక్కడి పద్ధతికీ ఒక తేడా ఉంది. మన పాత ఇళ్ళు ఇళ్ళుగానే నిలిచి ఉండడం తక్కువ. ఒకటి గ్రంథాలయమవుతుంది, ఒకటి మ్యూజియమవుతుంది, ఒకటి బడి అవుతుంది, ఇంకొకటి తాళం పడి కూలిపోతుంది. చెట్టినాడులో కొన్ని మేడలు హోటళ్ళయ్యాయి. ఇక తోటల సంగతి. మన దగ్గర పాత తోటలు కావాలంటే ఇళ్ళ వెనక కాదు, గుళ్ళ దగ్గర వెతకాలి. దేవుడి మాలల కోసం పెంచిన నందనవనాలే మన చారిత్రక తోటలు. ఇది తెలుసుకుని వెళితే చూడడానికి ఎంతో ఉంటుంది. తెలియకుండా వెళితే "ఇక్కడేముంది?" అని వెనక్కి వస్తాం.

రెండో సంగతి సరిహద్దుది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులోదే. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు జిల్లాతో పాటు తిరుత్తణి కూడా ఆంధ్రకు వచ్చింది. తర్వాత ఉత్తర సరిహద్దు గురించి మా.పొ. శివజ్ఞానం గారి నాయకత్వంలో తమిళులు ఉద్యమించారు. పటాస్కర్ గారి మధ్యవర్తిత్వంతో 1959లో చట్టం వచ్చి, 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. దానికి బదులుగా చెంగల్పట్టు జిల్లాలోని కొన్ని గ్రామాలు ఆంధ్రకు వచ్చి సత్యవేడు తాలూకాలో చేరాయి. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడ్డాక తిరుత్తణి ఆ జిల్లాలోకి వచ్చింది.

ఈ లెక్కంతా ఎందుకంటే, ఒకప్పుడు ఒకే కథలోవైన ఇళ్ళు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. తమిళనాడు పర్యాటక పుస్తకం తిరుత్తణి దాటదు. ఆంధ్రప్రదేశ్ పుస్తకం నగరి దగ్గరే ఆగిపోతుంది. రెండింటినీ కలిపి చదువుకోవలసినది ప్రయాణీకుడే. చెన్నై నుంచి తిరువళ్ళూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరుల మీదుగా తిరుపతి వెళ్ళే జాతీయ రహదారి ఆ రెండు పుస్తకాలనూ కుట్టే దారం లాంటిది.

ఎప్పుడు వెళ్ళాలి? వానలు తగ్గిన డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఎండాకాలంలో ఈ ప్రాంతపు వేడి పిల్లలకూ పెద్దలకూ మంచిది కాదు. డిసెంబరు 31న తిరుత్తణిలో మెట్ల పండుగ, ఆడి కృత్తికకు కావళ్ళ ఉత్సవం, అమావాస్యలకు తిరువళ్ళూరులో పుష్కరిణీ స్నానాలు. ఆ రోజుల్లో దైవదర్శనం కోసం వెళ్ళండి గానీ ఇళ్ళు చూడడానికి వెళ్ళకండి. శుక్రవారం చంద్రగిరి మ్యూజియానికి సెలవు, కాబట్టి మూడో రోజు శుక్రవారం కాకుండా చూసుకోండి. లోకల్ రైళ్ళు తిరువళ్ళూరుకే కాదు, తిరుత్తణి దాకా కూడా ఉన్నాయి. అయినా పక్క ఊళ్ళు తిరగాలి గనుక నలుగురైదుగురు ఉంటే కారే సుఖం.

మొదటి రోజు: తిరువళ్ళూరు, పూండి, తిరువాలంగాడు

చెన్నై నుంచి ఉదయం ఆరింటికి బయల్దేరితే ఇడ్లీల వేళకు తిరువళ్ళూరు చేరతారు. 1856లో రాయపురం నుంచి ఆర్కాడు వైపు వేసిన దక్షిణదేశపు మొదటి రైలుమార్గం ఈ ఊరి మీదుగానే పోయింది. రైలంటే ఇష్టపడే పిల్లలుంటే చెన్నైలో రాయపురం స్టేషను ముందుగా చూపించి తీసుకురండి. ఆనాటి భవనం ఇప్పటికీ నిలిచి ఉంది.

తిరువళ్ళూరు వీరరాఘవస్వామి నూట ఎనిమిది దివ్యదేశాలలో ఒకచోట వెలసిన స్వామి. అహోబిలమఠం వారి ఆధ్వర్యంలోని ఆలయం. ఈ యాత్రకు ఇంతకన్నా తగిన మొదటి మజిలీ లేదు. ఎందుకంటే ఈ ఊరి కథే ఒక ఇంటి కథ. శాలిహోత్రుడనే ముని ఏడాదిపాటు ఉపవాసం ఉండి, చివర పిండి నైవేద్యం వండుకుని అతిథి కోసం ఎదురుచూశాడట. ఒక ముసలాయన వచ్చాడు. ముని తన భాగం కూడా పెట్టేశాడు. తిన్న ముసలాయన ఆవులిస్తూ "ఎవ్వుళ్?" అన్నాడు. అంటే "పడుకునే చోటేది?" అని. ముని తన కుటీరమే చూపించాడు. వచ్చినవాడు విష్ణుమూర్తి. అక్కడే పవళించి, శాలిహోత్రుడి తల మీద చెయ్యి వేసి ఉన్నాడు. తిరు ఎవ్వుళ్ అన్నదే తిరువళ్ళూరు అయింది. అతిథికి గది చూపించిన ఊరన్నమాట!

స్వామికి వైద్య వీరరాఘవుడని పేరు. రోగాలు కరిగిపోవాలని భక్తులు హృత్తాపనాశిని పుష్కరిణిలో బెల్లం వేస్తారు. దర్శనం అయ్యాక కోనేటి చుట్టూ, మాడవీధుల్లో తీరికగా నడవండి. కొత్త కాంక్రీటు మేడల మధ్య ఇంకా అక్కడక్కడా పెంకుటిళ్ళు కనిపిస్తాయి. వీధి అరుగు, చెక్క స్తంభాలు, ఇరుకు నడవ, లోపల ఆకాశం కనిపించే ముంగిలి. మన కోస్తావారు మండువా అనే దాన్నే తమిళులు తొట్టికట్టు ఇల్లంటారు. వానపడితే నాలుగు వైపుల కప్పు మీది నీళ్ళూ మధ్యలోని తొట్టిలోకి దిగుతాయి. గాలి వెలుతురు కూడా అదే దారిన వస్తాయి. అరుగు మాత్రం బాటసారి కోసం. తాళం తీయకుండానే అతిథికి ఆశ్రయం ఇచ్చే ఏర్పాటది. ఈ ఊరి స్థలపురాణం విన్న తర్వాత ఆ అరుగులను చూస్తే పిల్లలకు వాటి అర్థం ఇట్టే తెలుస్తుంది. ఒక ముఖ్యమైన మాట. అవి కాపురాలున్న ఇళ్ళు. తలుపు దగ్గర నిలబడి అడగండి. రమ్మంటేనే వెళ్ళండి, అడిగాకే ఫోటో తీయండి.

అక్కడి నుంచి పూండి పది పన్నెండు కిలోమీటర్లు. కొసస్థలైయారు నదికి అడ్డంగా కట్టి 1944లో పూర్తయిన ఈ జలాశయం పేరు సత్యమూర్తి సాగరం. మద్రాసుకు నీటి కరువు తీర్చాలని పాటుబడిన మేయరు సత్యమూర్తి గారి పేరు. 1996 నుంచి తెలుగుగంగ కాలువలో కృష్ణాజలం కండలేరు మీదుగా వచ్చి ఇక్కడే చేరుతోంది. వానలు బాగా పడిన ఏడాది గట్టు మీద నిలబడితే కళ్ళు చల్లబడతాయి.

పూండిలోనే చిన్న పురావస్తు మ్యూజియం ఉంది. అక్కడి రాతి గొడ్డళ్ళు చాలావరకు ఈ చుట్టుపక్కల దొరికినవే. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1863లో మొదట పల్లావరంలోనూ, కొన్ని నెలలకు పూండి దగ్గరి అత్తిరంపాక్కంలోనూ ఇలాంటి పనిముట్లు గుర్తుపట్టాడు. అత్తిరంపాక్కం పనిముట్లలో పాతవి సుమారు 15 లక్షల ఏళ్ళనాటివని 2011లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. దగ్గరలోని గుడియం గుహల్లోనూ ఆదిమానవుల ఆనవాళ్ళు దొరికాయి. పాత ఇళ్ళ యాత్రలో గుహ కూడా ఇల్లే కదా! అయితే అడవి దారిలో చాలా దూరం నడవాలి గనుక, పెద్దవాళ్ళతో వెళ్ళేవారు మ్యూజియంతో సరిపెట్టుకోవడం మేలు.

సాయంత్రం తిరువాలంగాడు. ఆలం అంటే తమిళంలో మర్రి, కాడు అంటే అడవి. స్వామి పేరు వటారణ్యేశ్వరుడు. నటరాజు అయిదు సభల్లో రత్నసభ ఇదే. కారైక్కాల్ అమ్మైయార్ ఇక్కడికి కాళ్ళతో రావడం అపచారమని తలతో నడిచి వచ్చిందని చెబుతారు. రాజేంద్రచోళుని ప్రసిద్ధ తామ్రశాసనాలు ఈ ఊరి పేరుతోనే చరిత్ర పుస్తకాలకెక్కాయి. చీకటి పడేలోగా తిరుత్తణి చేరి బస చేయండి.

రెండో రోజు: గుమాస్తాగారి ఇల్లు, జమీందారుగారి నగరం

తిరుత్తణి కొండకు 365 మెట్లు. ఏడాదికెన్ని రోజులో అన్ని మెట్లు అని పిల్లలతో లెక్కపెట్టిస్తే అలసట తెలియదు. ఎక్కలేని వారికి కొండ మీదికి రోడ్డుంది. సుబ్రహ్మణ్యస్వామి ఆరు పడైవీడుల్లో ఇది ఒకటి. పడైవీడు అన్న మాటలోని వీడు కూడా ఇల్లే చూడండి! ముత్తుస్వామి దీక్షితులవారు తొలి కీర్తన పాడింది ఈ కొండ మీదే. ఒక వృద్ధుడి రూపంలో స్వామి వచ్చి నోట్లో కలకండ వేశాడని, వెంటనే పాట వచ్చిందని సంగీతం తెలిసినవారు కథగా చెప్పుకుంటారు. ఇంద్రుడు స్వామి పూజ కోసం ఈ కొండ మీది సుననలో నల్లకలువలు పెంచాడని స్థలపురాణం. పూలతోట లేని దేవుడు మనకు లేడు.

దిగాక ఊళ్ళోకి రండి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న పుట్టిన ఊరిది. ఆయన పుట్టిన ఇల్లని ఊరివారు చూపించే ఇంటిని గ్రంథాలయంగా వాడుతూ వచ్చారు. ఎవరినడిగినా దారి చెబుతారు. చాలామంది తెలుగులోనే చెబుతారు. బోర్డులు తమిళంలో ఉన్నాయి కదా అని బెరుకు పడకుండా మొదట తెలుగులోనే పలకరించి చూడండి.

ఇంగ్లండు భవనాలు చూసిన కళ్ళకు ఇక్కడ చూడడానికి ఏమీ లేదనిపించవచ్చు. నిజమే. ఇది మేడ కాదు, తోట లేదు. తండ్రి వీరాస్వామి గారు ఒక స్థానిక జమీందారు దగ్గర రెవెన్యూ విభాగంలో చిన్న ఉద్యోగి. ఇంటిపేరు మాత్రం నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి నుంచి వచ్చింది. ఈ ఊళ్ళో అక్షరాలు నేర్చుకున్న పిల్లవాడు తిరుపతి, వేలూరు, మద్రాసు చదువులు దాటి, 1962లో 340 గదులున్న రాష్ట్రపతి భవనంలో అడుగుపెట్టాడు. ఆ ఏడాది నుంచే ఆయన పుట్టినరోజు ఉపాధ్యాయ దినోత్సవమైంది. ఆ భవనం వెనక మొఘల్ గార్డెన్స్ ఉండేది. దానికి 2023లో అమృత్ ఉద్యాన్ అని పేరు మార్చారు. ఢిల్లీలో ఆ తోట చూడడానికి జనం బారులు తీరి నిలబడతారు. ఆ తోటకు అయిదేళ్ళు యజమానిగా ఉన్న మనిషి మొదటి గడప తిరుత్తణిలో ఉందని చెప్పి చూపించండి. పిల్లలు ఆ చిన్న గదులను వేరే కళ్ళతో చూస్తారు.

ఇక్కడే సరిహద్దు కథ గుర్తుచేసుకోవాలి. ఆనాడు తిరుత్తణి ప్రాంతం కార్వేటినగరం జమీందారీలోది. ఇంగ్లీషువారి కాగితాల్లో బొమ్మరాజు పాళెం అని కనిపించే సంస్థానం. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయింది. 1960లో సరిహద్దు మారినప్పుడు తిరుత్తణి ఇటూ, కార్వేటినగరం అటూ అయ్యాయి. కాబట్టి తిరుత్తణిలో ఇల్లు చూసినవారు కార్వేటినగరం చూడకుండా వెనక్కి వస్తే సగం కథే విన్నట్టు.

తిరుత్తణి నుంచి నగరి, పుత్తూరు మీదుగా వెళ్ళి, పుత్తూరు నుంచి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు పోతే కార్వేటినగరం. దారిలో పుత్తూరులో ఎముకలు విరిగినవారికి కట్టే కట్టు దేశమంతా పేరుపొందింది. పాత కోటగోడలెక్కే అల్లరి పిల్లలున్న తల్లులకు ఇది ధైర్యం చెప్పే విషయం.

కార్వేటినగరంలో మొదట చూడవలసింది స్కంద పుష్కరిణి. నాలుగు వైపులా రాతి మెట్లు, శిల్పాలు, మధ్యలో నీళ్ళు. ఎండ తగ్గాక ఆ మెట్ల మీద కూర్చుంటే లేవబుద్ధి కాదు. వేణుగోపాలస్వామి ఆలయం ఇప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానం వారి నిర్వహణలో ఉంది. సారంగపాణి తన పదాలన్నీ ఈ వేణుగోపాలుడి పేరు మీదే కట్టాడు. ఈ సంస్థానపు పదాలూ వర్ణాలూ నాట్యకత్తెల కాళ్ళ గజ్జెల్లో దక్షిణదేశమంతా తిరిగాయి. రాజుల భవనాలు కొంత నిలిచి, కొంత శిథిలమై ఉన్నాయి. రాగి గిన్నెలు తోమి పెట్టేవారు లేరు, ఏ గదిలో ఎవరు పడుకున్నారో చెప్పేవారు లేరు. అయినా పాట మిగిలింది, కోనేరు మిగిలింది.

మా తమ్ముడి కూతురు ఆ మెట్ల మీద కూర్చుని, "రాజుగారి ఇల్లు పడిపోతోంది, ఆయన కింద పనిచేసినవాళ్ళ ఇంట్లో పుస్తకాలున్నాయి. ఎందుకలా నానమ్మా?" అంది. అమ్మ తడుముకోకుండా, "ఆ ఇంటికి రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు గదమ్మా. మనిషి అలికిడి ఉన్న ఇంటికి చెదలు తొందరగా పట్టవు" అంది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత సూటిగా లేదు.

పుత్తూరు దగ్గరే నారాయణవనం. పద్మావతీ శ్రీనివాసుల కల్యాణం జరిగిన చోటని, ఆకాశరాజు రాజధాని అని ప్రసిద్ధి. పెళ్ళికి పిండి విసిరినదని చెప్పే పెద్ద తిరగలి గుళ్ళో చూపిస్తారు. ఆకాశరాజు మేడ కథల్లోనే ఉంది గానీ ఆయన వంటింటి సామాను ఒకటి మనకు దక్కిందన్నమాట. రాత్రికి తిరుపతి చేరవచ్చు.

మూడో రోజు: చంద్రగిరి మేడ, అనంతాళ్వారు తోట

ఇంగ్లండు పిల్లలు "ఇదీ ప్యాలెస్ అంటే!" అని ఒప్పుకునే కట్టడం చంద్రగిరి. తిరుపతికి పదిహేను కిలోమీటర్లలోపే. కొండ కింద కోట, అందులో మూడంతస్తుల రాజమహల్, రెండంతస్తుల రాణీమహల్. రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. కలప దూలం ఒక్కటి కూడా వాడలేదు. నెత్తిన గోపురాల్లాంటి శిఖరాలు, కింద కమాను వంపులు. మన పద్ధతీ, సుల్తానుల పద్ధతీ కలిసిపోయాయి. రాణీమహల్ అన్న పేరున్నా దాని కింది అంతస్తు చూస్తే గుర్రపుశాల గుర్తొస్తుంది. పేర్లు తర్వాతివాళ్ళు పెట్టినవి కావచ్చునని పిల్లలకు చెప్పడానికి ఇదొక మంచి సందర్భం. విజయనగరం రాజ్యం చివరి రోజుల్లో అరవీటి రాయలకు చంద్రగిరి రాజధాని. ఆ రాయల కింది నాయకుడు దామర్ల వేంకటప్పే 1639లో ఇంగ్లీషు కంపెనీకి సముద్రం ఒడ్డున స్థలం ఇచ్చింది. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. అంటే మనం మూడు రోజుల కిందట బయల్దేరిన ఊరి కథ చంద్రగిరి దాకా వచ్చి ముగుస్తుంది. రాజమహల్ పురావస్తు శాఖ వారి మ్యూజియం కావడం వల్ల చక్కగా నిలిచింది. చుట్టూ పచ్చికా, చెట్లూ ఉన్నాయి. టీ మాత్రం ఫ్లాస్కులో పట్టుకెళ్ళాలి.

ఇక తోట. తిరుమలలో ఆలయం వెనక వైపు అనంతాళ్వారు తోట ఉంది. శ్రీరామానుజులవారు తిరుమలలో స్వామికి పుష్పకైంకర్యం చేసేవారెవరని అడిగినప్పుడు ముందుకొచ్చిన శిష్యుడు అనంతాళ్వారు. సుమారు తొమ్మిది వందల ఏళ్ళ కిందటి మాట. తోటకు నీళ్ళ కోసం చెరువు తవ్వుతుంటే, గర్భిణి అయిన భార్య మట్టి మోస్తోంది. ఒక బాలుడు వచ్చి ఆమెకు సాయం చేశాడు. కైంకర్యంలో పరాయివాడు వేలు పెట్టాడన్న కోపంతో ఆయన గునపం విసిరితే బాలుడి గడ్డానికి తగిలింది. గుళ్ళోకి వెళ్ళి చూస్తే స్వామి గడ్డం నుంచి నెత్తురు! అప్పటినుంచే స్వామి గడ్డానికి పచ్చకర్పూరం పెడుతున్నారు. ఆ గునపం మహాద్వారం దగ్గర వేలాడుతూ ఉంటుంది. ఎన్నోసార్లు దాని కిందుగా నడిచి వెళ్ళినవాళ్ళం తలెత్తి చూసి ఉండం. బ్రహ్మోత్సవాలు ముగిసిన మర్నాడు బాగ్‌సవారి పేరుతో స్వామి ఆ తోటకు వేంచేస్తారు. దేవుడే ఏటా వచ్చి చూసుకునే తోట ఇంకెక్కడ ఉంది? దర్శనం కూడా చేసుకోవాలంటే దానికి ఒక రోజు విడిగా పెట్టుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు అదే దారి వద్దనుకుంటే పుత్తూరు, నాగలాపురం, సురుటుపల్లి, ఊత్తుకోట మీదుగా రండి. నాగలాపురంలో వేదనారాయణస్వామి గుడి ఉంది. శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగమాంబ పేరు మీద నిలిపిన ఊరిది. సురుటుపల్లిలో శివుడు పవళించి ఉంటాడు. ఇంకొక రోజు దొరికితే చెన్నైకి ఉత్తరాన సముద్రపు ఒడ్డున పులికాట్ చూడండి. మన ప్రళయకావేరి. డచ్చివారు 1613లో కట్టిన గెల్డ్రియా కోట ఆనవాళ్ళు చెట్ల మధ్య కలిసిపోయినా, వారి సమాధుల తోట, అస్థిపంజరాలు చెక్కిన దాని ద్వారం బాగానే ఉన్నాయి.

మీ ఇంటికొక పూట

ఇన్ని ఊళ్ళలో ఒక్క పూట మాత్రం ఎవరి మ్యాపులోనూ లేని చోటికి పెట్టుకోండి. అది మీ తాతగారి ఊరు. మేం రెండో రోజు ఉదయం తిరుత్తణి నుంచి అమ్మ పుట్టింటికి వెళ్ళాం. మా బావ వచ్చి తాళం తీశాడు. చెక్క స్తంభాలు గట్టిగానే ఉన్నాయి. వంటింటి వైపు కప్పు కొంత జారింది. అమ్మ ఏ గదిలో ఎవరు పుట్టారో, ధాన్యం ఎక్కడ పోసేవారో, పెరట్లో మల్లెపందిరి ఎక్కడుండేదో ఒక్కొక్కటిగా చూపించింది. తమ్ముడి కూతురు అన్నీ రాసుకుని, ఇంటి కొలతలు తీసి, కాగితం మీద బొమ్మ వేసింది. ఆ ఇంటికి వచ్చిన మొదటి గైడు మా అమ్మే.

ఇల్లు ఏమవుతుందో ఇంకా తేలలేదు. ఊళ్ళో పిల్లలకు సాయంత్రం చదువు చెప్పడానికి ముందు గదులు ఇస్తే ఎలా ఉంటుందని బావ అడిగాడు. కప్పు బాగుచేయడానికి ఎంతవుతుందో మేస్త్రీతో లెక్క కట్టిస్తున్నాడు. ఖర్చు నలుగురం పంచుకోవాలి, ఒప్పుకోవలసినవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు.

మన సభ్యుల్లో చాలామందికి ఇలాంటి ఇళ్ళు తిరుత్తణి, పళ్ళిపట్టు, నగరి, సత్యవేడు పక్కల ఉన్నాయని నాకు తెలుసు. ఈ సెలవుల్లో బయల్దేరేటప్పుడు పూరీ కూర డబ్బాతో పాటు ఒక టేపూ, ఒక నోటు పుస్తకమూ పెట్టుకోండి. ఇంట్లోని పెద్దవాళ్ళను ముందు సీట్లో కూర్చోబెట్టండి. దారి చెప్పేది వాళ్ళే. మీ ఇంటి కొలతలూ, కథలూ రాసి మన పత్రికకు పంపితే, వచ్చే సంచికల్లో ఒక్కొక్కటిగా అందరం చదువుకోవచ్చు. శుభయాత్ర!